జంతువుల ప్రవర్తన తెలిస్తే వాటిని కాపాడటం తేలికవుతుందా?

అవుతుంది. మన ఆంధ్ర తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లనే చూడండి. గుడ్లు సుమారు 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు ఎక్కువగా రాత్రిపూటే ఇసుకలోంచి బయటికొస్తాయి. దారి చూపే తల్లి ఉండదు. చెట్లు, ఇసుక దిబ్బల చీకటికి దూరంగా, వెలుతురు ఎక్కువున్న వైపు పాకడమే వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి. ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రానిదే. ఇప్పుడు రిసార్టుల, రోడ్ల లైట్లు అంతకంటే ప్రకాశవంతం. పాపం, పిల్లలు అటే పాకి, ఎండిపోయో కుక్కలకు చిక్కో చనిపోతాయి.

ఈ సంగతి తెలిశాక ఖర్చు పెద్దగా లేని పరిష్కారం దొరికింది: పొదిగే నెలల్లో తీరం లైట్లు ఆర్పేయడం. తప్పనిసరైతే కిందికి మాత్రమే పడే ఎర్రటి లైట్లు వాడాలి, ఆ రంగు వాటిని అంతగా ఆకర్షించదు. నా దృష్టిలో గుడ్లను భద్రంగా ఉంచి పిల్లలు బయటికొచ్చేలా చూసే హేచరీలు ఎన్ని కట్టినా, తీరంలో ఈ చీకటి లేకపోతే ఆ శ్రమలో చాలా భాగం వృథా.