పోకర్‌లో స్మాల్ బ్లైండ్‌లో పెట్టిన ఆ 5 ఇక నీది కాదు తమ్ముడూ

"ఎలాగూ 5 పెట్టేశాను కదా, ఇంకో 20 కలిపితే పోయేదేముంది" అని స్మాల్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా వేసే చిన్న పందెం) గురించి రాశావు. గుణుపూర్‌లో మీ మేడ మీద ఆటలో నీ చిప్స్ కరిగిపోతున్నది అక్కడే. ఆ 5 ఇప్పుడు పాట్‌ది, అంటే మధ్యలో పోగైన పందేలది.

లెక్క చూడు. నీ స్మాల్ బ్లైండ్ 5, పక్కవాడి బిగ్ బ్లైండ్ 10. డీలర్ 25కి పెంచాడు. బిగ్ బ్లైండ్ వదిలేస్తే 60 (25+25+10) అయ్యే పాట్ కోసం నువ్వు 20 వేయాలి. అంటే కనీసం 33 శాతం గెలుపు అవకాశం కావాలి. రాజు-ఏడు లాంటి ముక్కలకు కాగితం మీద అంత ఉన్నట్టే ఉంటుంది. కానీ ఫ్లాప్ (మధ్యలో తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) తర్వాత ప్రతిసారీ ముందు ఆడాల్సింది నువ్వే. రాజు పడితే బెట్ చేయాలా, చెక్ చేయాలా (పందెం వేయకుండా ఆగాలా) అన్న టెన్షన్ నీది, నిన్ను చూసి ఆడే సుఖం డీలర్‌ది.

రాయగడలో మేం చింతపిక్కలతో ఆడతాం. ఇలాంటప్పుడు ఉత్త కాల్ (ఎదుటివాడి పందేనికి సరిపడా మాత్రమే వేయడం) నేను దాదాపు మానేశాను. ఆసు-రాణి, జాకీల జత, ఒకే గుర్తున్న ఆసు-ఐదు వస్తే ఏకంగా 100కి పెంచుతాను. లేదంటే ముక్కలు కింద పెట్టేస్తాను.

అందరూ వదిలేసి నీదాకా వస్తే మాత్రం వేరు. ఎదుట ఒక్కడే కాబట్టి ఇంకా చాలా ముక్కలతో 30కి పెంచొచ్చు.

ఈ ఆదివారం స్మాల్ బ్లైండ్‌లో కాల్ చేసిన ప్రతిసారీ ఒక పిక్క పక్కన పెట్టు. ఎన్ని అయ్యాయో చెప్పు, చూద్దాం.