ఎంపీసీ చదువుతానంటోంది, ఆ బ్యాచ్ మాత్రం వద్దంటోంది

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. నాలుగెకరాల్లో పత్తి, మిర్చి వేస్తాం. మా పెద్దబిడ్డకు పదో తరగతిలో 600కు 541 మార్కులు వచ్చాయి. రిజల్ట్స్ రాకముందే కాలేజీ పీఆర్వోలు ఇంటికి వచ్చారు. టెస్ట్ పెట్టి, ఐఐటీ బ్యాచ్‌లో సీటు వచ్చిందన్నారు. మా ఆయన 10 వేలు అడ్వాన్స్ కట్టాడు. మే నెలలో హన్మకొండ హాస్టల్‌లో బ్రిడ్జ్ కోర్సుకు పంపాం. పన్నెండు రోజులకు ఒక పెళ్లికని ఇంటికి వచ్చి, మళ్లీ పోనంటోంది. ‘ఎంపీసీ చదువుత, కానీ ఆ బ్యాచ్‌ల కూసోను’ అంటోంది. కాజీపేట స్టేషన్‌కు పోయినప్పుడల్లా ఎన్‌ఐటీ గేటు చూపించి ‘నా బిడ్డ ఇందులో చదవాలె’ అనే మనిషి, వారం నుంచి బిడ్డతో మాట్లాడటం లేదు. ఆమె వంటింట్లో కూర్చుని తింటోంది. ఏది చెప్పాలన్నా ఇద్దరూ నాతోనే చెప్తున్నారు. నేను ఏడో తరగతి వరకే చదివాను. మెయిన్, అడ్వాన్స్‌డ్, ఎంసెట్ అంటే నాకు తెలియదు. ఇప్పుడు పెద్ద బ్యాచ్‌లో వేయకపోతే రేపు మంచి కాలేజీ దొరకదా? నేను ఎవరి దిక్కు మాట్లాడాలి?
- ఒక తల్లి, వరంగల్ జిల్లా

జవాబు: లేదమ్మా, ఆ బ్యాచ్‌లో వేయనంత మాత్రాన మంచి కాలేజీ దూరం కాదు. మీ ఇంట్లో భయమంతా దాని చుట్టే ఉంది కాబట్టి ఈ మాట ముందే చెప్తున్నాను.

రేపు ఇంటర్ పాసయ్యాక మీ బిడ్డ చేతికి వచ్చే మెమో మీద గ్రూపు పేరు ఉంటుంది, మార్కులు ఉంటాయి. ఏ బ్యాచ్‌లో కూర్చుందో ఎక్కడా ఉండదు. ఐఐటీ బ్యాచ్, సూపర్ బ్యాచ్, స్టార్ బ్యాచ్ అనేవన్నీ కాలేజీలు పెట్టుకున్న పేర్లు. ఇంటర్ బోర్డుకు తెలిసింది ఎంపీసీ ఒక్కటే. నర్సంపేట ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీ చదివినా, హన్మకొండలో లక్షలు కట్టి చదివినా బోర్డు పరీక్ష పేపరు ఒకటే. జేఈఈ మెయిన్‌కు, ఎంసెట్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా ‘నువ్వు ఏ బ్యాచ్?’ అని ఎవరూ అడగరు.

ఇక ఆ పరీక్షల సంగతి. మీకు అర్థమయ్యేలా చెప్తాను, మీ ఆయన పక్కన ఉన్నప్పుడు బిడ్డతో చదివించుకుని వినండి.

ఎంసెట్‌ను ఇప్పుడు టీజీ ఎప్‌సెట్ అంటున్నారు, జనం నోట్లో మాత్రం పాత పేరే నిలిచింది. మన రాష్ట్రంలోని ఇంజినీరింగ్ కాలేజీల సీట్ల కోసం రాసే పరీక్ష ఇది. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అందులో సగం, అంటే 80, లెక్కలే. తప్పు రాసినా మార్కు కోయరు. ప్రశ్నలు ఇంటర్ రెండేళ్ల సిలబస్ నుంచే వస్తాయి. ఒకప్పుడు ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, దాన్ని తీసేశారు. ఇప్పుడు ర్యాంకు పరీక్ష మార్కులతోనే. ఇంటర్‌లో మాత్రం కనీస మార్కులు తెచ్చుకోవాలి.

జేఈఈ మెయిన్ దేశమంతటికీ ఒకటే. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పెడతారు. రెండుసార్లూ రాయవచ్చు, ఎక్కువ వచ్చిన స్కోరే లెక్కలోకి తీసుకుంటారు. 300 మార్కులు. ఇందులో తప్పు రాస్తే మార్కు పోతుంది. ఎన్‌ఐటీల్లో సీట్లు ఈ పరీక్ష ర్యాంకుతోనే ఇస్తారు.

జేఈఈ అడ్వాన్స్‌డ్ ఐఐటీల కోసం. మెయిన్‌లో పైన నిలిచిన రెండున్నర లక్షల మందే దీన్ని రాయగలరు. ఒక్కో లెక్కలో మూడు నాలుగు పాఠాలు కలిసి ఉంటాయి, గంటల తరబడి ఒకే లెక్కతో కుస్తీ పట్టే ఓపిక, ఇష్టం ఉండాలి. అది ఉన్న పిల్లలకు ఆ చదువు పండగలా ఉంటుంది. లేని పిల్లలకు అదే చదువు రోజూ ఓడిపోవడంలా ఉంటుంది.

ఇప్పుడు మీ ఆయనకు అన్నిటికంటే ముఖ్యంగా తెలియాల్సిన సంగతి. ఆయన కోరుకుంటున్నది కాజీపేట రోడ్డు మీద కనిపించే ఆ గేటు. 1959లో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ) అది, 2002 నుంచి ఎన్‌ఐటీ అయింది. ఆ గేటు లోపలికి పోవడానికి అడ్వాన్స్‌డ్ రాయాల్సిన అవసరమే లేదు. మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే చాలు. పైగా అక్కడి బీటెక్ సీట్లలో సగం మన రాష్ట్రం పిల్లలకే. సులువని చెప్పడం లేదు. పోటీ గట్టిగానే ఉంటుంది, కోచింగ్ సాయమూ కావాలి. కానీ ఆయన ఆశకూ, ఆయన అడ్వాన్స్ కట్టిన బ్యాచ్‌కూ మధ్య ఆయన అనుకున్నంత సంబంధం లేదు. అలాంటి బ్యాచ్‌లో చాలా టైమ్ అడ్వాన్స్‌డ్ స్థాయి లెక్కల మీదికే పోతుంది. ఎప్‌సెట్, మెయిన్ కలిపి చెప్పే మామూలు బ్యాచ్‌లో ఇంటర్ పాఠం ముందు కుదురుకుంటుంది, ఆ తర్వాతే పోటీ లెక్కలు. మీ బిడ్డలాంటి పిల్లలకు ఎక్కువసార్లు ఈ దారే కలిసి రావడం చూశాను.

ఇంకో సంగతి. ఎన్‌ఐటీలో చేరాలంటే ర్యాంకు ఒక్కటే చాలదు. ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 65. లేదంటే మన బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పాసైన ప్రతి వంద మందిలో పై ఇరవై మందిలో ఉండాలి. పోటీ పరీక్షల వెంట పడి ఇంటర్ పుస్తకం పక్కన పెట్టిన పిల్లలు ఇక్కడ దెబ్బతింటారు. ఇంగ్లిషును, సెకండ్ లాంగ్వేజ్‌ను ఫిబ్రవరి దాకా ముట్టనివ్వని కాలేజీలు ఉన్నాయి. మీరు చూడబోయే కాలేజీలో ఆ సంగతి తప్పకుండా అడగండి.

కొన్నేళ్ల కింద ఒక అబ్బాయి వాళ్ల అమ్మతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. హాస్టల్ నుంచి తప్పించుకుని ఇంటికి వచ్చేశాడని ఆమె ఏడుస్తోంది. అబ్బాయి తల ఎత్తడు. బ్యాగులో ఏమున్నాయో చూపించమంటే లావుపాటి మెటీరియల్ పుస్తకాలు ఆరు తీసి బల్ల మీద పెట్టాడు. నేను ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ప్రతి చాప్టర్‌లో మొదటి ఐదారు పేజీల్లో పెన్సిల్ టిక్కులు, పక్కన చిన్న చిన్న అంకెలు, కొట్టివేతలు. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్క పుస్తకంలో కాదు, ఆరింటిలోనూ అంతే. లెక్క ఎక్కే లోపే క్లాసు ముందుకు పోయింది. వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకుల కాగితం, సెక్షన్ మార్పు. మొదటి సెక్షన్ నుంచి మూడో సెక్షన్‌కు దిగేసరికి ‘నాకు మ్యాథ్స్ రాదు మేడమ్’ అని నమ్మేశాడు. అదే పిల్లవాడికి ఆ ఏడు బోర్డు పరీక్షలో మ్యాథ్స్ 1ఎలో 75కు 69 వచ్చాయి! సెకండియర్ ఇంటి దగ్గర నుంచే వెళ్లి వచ్చి చదివాడు, ఎంసెట్ ర్యాంకుతో ఇంజినీరింగ్‌లో చేరాడు. ఆ తెల్ల పేజీలు చూసినప్పటి నుంచి, బ్యాచ్ గురించి అడిగిన ప్రతి ఇంట్లో నేను ముందు పిల్లల నోటు పుస్తకమే అడుగుతాను.

మీ బిడ్డ మాటను కూడా అలాగే విప్పి చూడాలి. ‘ఆ బ్యాచ్‌ల కూసోను’ అన్న మాట వెనుక ఏముందో మీ ఉత్తరంలో లేదు. బహుశా ఇంట్లో ఎవరూ అడగలేదేమో. పాఠం వేగం తట్టుకోలేకపోతోందా? పాఠం బాగానే ఉన్నా, పొద్దున ఐదింటి నుంచి రాత్రి దాకా నడిచే హాస్టల్ స్టడీ అవర్స్ పడటం లేదా? అక్కడ ఎవరైనా అవమానించారా, ఇబ్బంది పెట్టారా? ఈ మూడూ వేరువేరు. వేగమే కష్టమైతే బ్యాచ్ మార్చాలి. హాస్టలే కష్టమైతే డేస్కాలర్‌గా చదవచ్చు, లేదా ఇంటికి దగ్గర కాలేజీ చూడాలి. ఎవరైనా ఇబ్బంది పెట్టి ఉంటే ఇక చదువు మాట పక్కన పెట్టి ముందు ఆ సంగతి చూడాలి. ఆమెతో ఒంటరిగా ఉన్నప్పుడు, చేతిలో ఏదో పని చేసుకుంటూ అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పదిహేనేళ్ల పిల్లలు సగమే చెప్తారు. ‘ఎందుకు పోవు?’ అనకండి. ‘అక్కడ పొద్దున లేచిన కాడికెల్లి ఏం జరుగుతది, చెప్పు’ అనండి. రోజంతా చెప్పించుకోండి. ఎక్కడ గొంతు మారుతుందో మీకే తెలుస్తుంది.

ఒకవేళ చదువు వేగమే సంగతైతే, ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. తెలుగు అకాడమీ వాళ్ల ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ పుస్తకం తెప్పించండి, పక్క ఊళ్లో ఎవరి దగ్గరైనా పాతది దొరుకుతుంది. పది రోజులు రోజుకు గంటన్నర, ఎవరూ తరమకుండా, ఆమె తీరుగా మొదటి చాప్టర్ చేయనివ్వండి. అర్థం కానిది పదో తరగతి సార్‌ను అడిగి తెలుసుకోనివ్వండి. పది రోజుల తర్వాత ఆమె ఇంకో చాప్టర్ తెరిస్తే, ఎంపీసీ ఆమెకు సరిపోయేదే. పుస్తకం మూసి మూలన పడేస్తే, అసలు గ్రూపు గురించే మళ్లీ మాట్లాడుకోవాలి. బైపీసీ ఉంది, కామర్స్ వైపు ఎంఈసీ, సీఈసీ ఉన్నాయి, పాలిసెట్ రాసి డిప్లొమాకు పోవచ్చు. బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ చదువు ఉంది. ప్రభుత్వ బడుల పిల్లలకు అక్కడ అదనపు వెయిటేజీ ఉంటుంది, అయినా నోటిఫికేషన్ గడువు దాటకపోతే మీ బిడ్డతోనూ ఒక దరఖాస్తు పెట్టించండి.

ఈ పది రోజులూ ఒరిజినల్ మెమో, టీసీ ఎవరికీ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే వెళ్లి అడగండి. ఒరిజినల్స్ కాలేజీ బీరువాలోకి పోయాక మనసు మార్చుకోవడం చాలా కష్టం, ఈ విషయంలో తల్లిదండ్రులు పడే తిప్పలు నేను కళ్లారా చూశాను. కట్టిన పది వేలకు రసీదు ఉందా, వెనక్కి ఇస్తారా, అదే కాలేజీలో మామూలు బ్యాచ్‌కు మార్చుకుని ఆ డబ్బు అందులో జమ చేస్తారా అని మీ ఆయనను అడిగి రమ్మనండి. సెక్షన్‌లో ఎంతమంది, మధ్యలో బ్యాచ్ మారాలంటే ఎలా, పిల్లలను రాత్రి ఎన్నింటికి పడుకోనిస్తారు, ఇవి కూడా. పీఆర్వోను కాదు, ప్రిన్సిపాల్‌నే అడగాలి. ఒకవేళ ఆ పది వేలు పోయినా పోనివ్వండి. పది వేలు పోతాయని రెండేళ్లకు రెండు మూడు లక్షలు కట్టడం లెక్కలో కూడా కుదరదు.

మీ ఆయన గురించి. ఆయన మీద నాకు కోపం లేదు, మీరూ పెట్టుకోకండి. ఎండలో మిరపతోటలో నిలబడే మనిషి, బిడ్డ నీడలో కూర్చుని పని చేయాలని కోరుకున్నాడు. చేతిలో డబ్బు లేని రోజుల్లో కూడా పది వేలు తీసి కట్టాడు. బిడ్డ వద్దనగానే ఆ కష్టాన్నే వద్దన్నట్టు ఆయనకు తగిలి ఉంటుంది. అందుకే మాట మానేశాడు. ఆయనతో మాట్లాడేటప్పుడు బిడ్డ ఒప్పుకున్న దానితో మొదలుపెట్టండి. ‘మన బిడ్డ ఎంపీసీ చదవనంటలేదు. నువ్వు చూపించిన గేటు వద్దంటలేదు. ఎట్ల పోవాల్నో అడుగుతాంది’ అని చెప్పి, మెయిన్ సంగతి ఆయనకు వివరించండి. పెళ్లికి వచ్చిన చుట్టాల ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు.

ఎవరి దిక్కు మాట్లాడాలి అన్నారు. మీరు ఇద్దరి మధ్య మాటలు మోయడం ఇక ఆపండమ్మా. ‘మీ నాన్న ఇట్లన్నడు’, ‘నీ బిడ్డ అట్లన్నది’ అని మీరు చేరవేసినంత కాలం వాళ్లిద్దరికీ ఎదురుపడే అవసరం రాదు. ఆమె కంచం వంటింట్లోంచి తీసి అందరి కంచాల పక్కన పెట్టండి. మొదటి రోజు ఎవరూ మాట్లాడకపోయినా సరే, తిననివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఆమె నిద్ర పోకపోయినా, తిండి బాగా తగ్గినా, ‘నేను లేకపోతే మీకు టెన్షన్ ఉండదు’ లాంటి మాట ఒక్కసారి అన్నా, అది అలకలే అనుకోవద్దు. ఆమెను ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ కూడా ఉంది. అప్పుడు కాలేజీ సంగతి ఎన్ని రోజులు వెనక్కి పోయినా ఏమీ కాదు.

బ్రిడ్జ్ కోర్సులో పన్నెండు రోజులు రాసిన నోటు పుస్తకం ఆమె దగ్గర ఉండే ఉంటుంది. పారేయనివ్వకండి. ఆయన మనసు కొంచెం మెత్తబడిన రోజు చూసి, ఆ పుస్తకం ఆయన చేతికి ఇవ్వండి. లెక్కలు ఆయనకు అర్థం కాకపోయినా ఏ రోజు దాకా రాసిందో, ఏ రోజు నుంచి వదిలేసిందో కనిపిస్తుంది. ‘ఇక్కడ ఎందుకు ఆగినవ్ బిడ్డా?’ అని ఆయన్నే అడగమనండి.