కొనే ముందు విప్పి చూడండి: ల్యాప్‌టాప్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచే వచ్చాయి. సామాను విశాఖ నుంచో కొరియర్‌లోనో రావాల్సిన ఊళ్లలో తప్పు పార్టు కొంటే వారం పోతుంది. అందుకే జవాబుల్లో కొలతలకే ఎక్కువ చోటిచ్చాం.

మాది గుణుపురం, బీటెక్ చదువుతున్నాను. అన్నయ్య వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఎనిమిదో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. ఆన్ చేసి టీ తాగి వచ్చినా డిస్క్ లైటు ఆగదు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఏమని చెప్పి తెప్పించుకోవాలి? నేనే వేసుకోగలనా?

వేసుకోగలరు. డబ్బు పెట్టదగిన మెషీనే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11 పడాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి, కాబట్టి మీది గట్టెక్కింది. ఒక్కదానికే డబ్బులుంటే ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వేసే, తిరిగే పళ్లేలు లేని వేగమైన డిస్కు) కొనండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కునే ర్యామ్‌లా వాడుకుంటుంది. ఆ లైటు ఆరకపోవడానికి అదీ ఒక కారణం.

విప్పే ముందు రెండు పనులు చేయండి. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టండి. మామూలు షట్‌డౌన్‌లో విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది.

చార్జర్ తీసేసి, పీహెచ్0 సైజు చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో మొదలుపెట్టండి. ఒక అట్టముక్క మీద అడుగు మూత బొమ్మ గీసి, తీసిన స్క్రూను తీసిన చోటే గుచ్చండి. పొట్టి స్క్రూ రంధ్రంలో పొడుగు స్క్రూ బిగిస్తే కీబోర్డు పక్క ప్లాస్టిక్ ఉబ్బుతుంది, ఒక్కోసారి బోర్డుకే తగులుతుంది. అన్నీ తీసినా మూత కదలకపోతే బలం చూపించకండి. రబ్బరు కాళ్ల కింద ఒకటో రెండో దాక్కుని ఉంటాయి. డీవీడీ డ్రైవ్ ఉన్న మోడళ్లలో ముందు దాన్ని బయటికి లాగాలి. అది లోపల ఉండగానే మూత పీకి క్లిప్పులు విరగ్గొట్టుకునేవాళ్లు చాలామంది. మూత రాగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కండి. అప్పుడే మిగతావి ముట్టుకోండి.

ఇప్పుడు ర్యామ్ లేబుల్ ఫొటో తీయండి. పీసీ4 అని ఉంటే డీడీఆర్4, 260 పిన్నులు. పీసీ3ఎల్ అని ఉంటే డీడీఆర్3ఎల్, 204 పిన్నులు. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. 3200 స్పీడుది దొరికినా తీసుకోండి, 2400 బోర్డు మీద 2400కే నడుస్తుంది. కొన్ని మోడళ్లలో 4 జీబీ బోర్డుకే అతికించి ఉంటుంది, పక్కన ఒక్క స్లాటే ఉంటుంది. అక్కడ 8 జీబీ వేస్తే మొత్తం 12. విశాఖ వెళ్లేవాళ్ల ఫోనుకు ఈ ఫొటో పంపితే చాలు, షాపులో ఏ భాషలో అడగాలన్న బెంగ ఉండదు.

ఎస్‌ఎస్‌డీ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఎం.2 స్లాట్ (సన్నని పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) కనిపించింది కదా అని కొనేయకూడదు. ఎస్‌ఎస్‌డీ బోర్డుతో మాట్లాడే పద్ధతులు రెండు: పాతది సాటా, వేగమైనది ఎన్‌వీఎంఈ. అది సాటా స్లాటా, ఎన్‌వీఎంఈ స్లాటా అన్నది చూపుకు తెలియదు. రెండు గాట్లున్న సాటా ముక్క ఎన్‌వీఎంఈ స్లాట్‌లో చక్కగా దిగుతుంది, స్క్రూ కూడా పడుతుంది, కానీ బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ తెరలో) పేరే రాదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. పొడవూ చూడండి: 2280 అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు. ఎంతకీ తేలకపోతే పాత హార్డ్‌డిస్క్ స్థానంలో పట్టే 2.5 అంగుళాల, 7 మి.మీ. మందం సాటా ఎస్‌ఎస్‌డీ తెప్పించుకోండి. దాని వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గరే ఆగుతుంది. అయినా హార్డ్‌డిస్క్ నుంచి వచ్చినవారికి అదే పెద్ద మార్పు.

ర్యామ్‌ను 30 డిగ్రీల వాలులో, బంగారు గీత దాదాపు కనబడనంత లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కండి. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. మొదటిసారి ఆన్ చేశాక తెర ఒక నిమిషం దాకా నల్లగానే ఉండవచ్చు. బోర్డు కొత్త ర్యామ్‌ను పరీక్షించుకుంటోంది, కంగారుపడి ఆఫ్ చేయకండి. అప్పటికీ రాకపోతే తీసి మళ్లీ పెట్టండి. చాలాసార్లు సరిగా కూర్చోకపోవడమే జబ్బు.

బరంపురంలో ఇంటి నుంచే పని చేస్తాను. 27 అంగుళాల 4కే మానిటర్ కొన్నాను. హెచ్‌డీఎంఐతో పెడితే మౌస్ బాణం తడబడుతూ కదులుతోంది. టైప్-సీతో పెడితే అసలు బొమ్మే రావడం లేదు. మానిటర్ మార్చమని అడగాలా?

అప్పుడే వద్దు. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది) చూడండి. 30 హెర్ట్జ్ అని ఉంటే మీ ల్యాప్‌టాప్ పోర్టు హెచ్‌డీఎంఐ 1.4 రకం అయి ఉండవచ్చు. అది 4కేను 30కి మించి పంపలేదు. 60 కావాలంటే 2.0 ఉండాలి. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కేబుల్ కొన్నా దండగే. అయితే ముందు మానిటర్ మెనూ కూడా చూడండి. కొన్నింటిలో హెచ్‌డీఎంఐ వెర్షన్ 1.4కి పెట్టి వస్తుంది, దాన్ని 2.0కి మార్చాలి.

టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు. పోర్టుకు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్-సీలోంచి బొమ్మను పంపే సౌకర్యం) ఉండాలి. పక్కన డీపీ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే ఉన్నట్టే. గుర్తు లేకపోతే మోడల్ వివరాల్లో వెతకండి. కేబుల్ కూడా అనుమానించదగిందే, ఫోన్ చార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి బొమ్మను మోసే తీగలే ఉండవు.

ఏ దారీ లేకపోతే రిజల్యూషన్ 2560×1440కి తగ్గించి 60 హెర్ట్జ్ పెట్టుకోండి. అక్షరాలు కాస్త మెత్తబడతాయి, కానీ రోజంతా పనిచేసేవారికి 30 హెర్ట్జ్ తడబాటు కంటే అదే నయం. 4కే 60 దొరికితే స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మల సైజు) 150 శాతం పెట్టండి. ల్యాప్‌టాప్ మూత మూసి వాడాలనిపిస్తే, వేడిగాలి కీలు దగ్గర నుంచి వచ్చే మోడల్ కాదని చూసుకున్నాకే మూయండి. బరంపురం మే నెలలో మరీను.

పర్లాకిమిడిలో మాది పాత ఇల్లు. చార్జింగ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మెటల్ మూత మీద చెయ్యి పెడితే జివ్వుమంటోంది. ల్యాప్‌టాప్ పాడైందా?

చాలావరకు ల్యాప్‌టాప్ తప్పు కాదు, గోడలో ఎర్తింగు లేకపోవడమే. అడాప్టర్ లోపలి కెపాసిటర్ ద్వారా కొద్దిపాటి కరెంటు బాడీకి వస్తుంది. ఎర్తు ఉంటే అటు పోతుంది, లేకపోతే మీ చేతి దారి పడుతుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి ఉంటే ముందు అది తీసేయండి. ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్‌కు, ఎర్తుకు మధ్య మీటరు పెట్టించండి. 230 వోల్టుల దగ్గర చూపించాలి. న్యూట్రల్ తీగనే ఎర్తు పిన్నుకు కలిపేస్తానంటే ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజున బాడీ మొత్తానికి ఫేజ్ వస్తుంది. జివ్వుమనడం కాకుండా గట్టిగా షాక్ కొడితే మాత్రం ఆ అడాప్టర్ వాడకండి. ఎర్తు సరయ్యేదాకా మానిటర్ కేబుల్ పెట్టడం, తీయడం రెండింటి ప్లగ్గులూ పీకాకే చేయండి. లేదంటే పోర్టు కాలే ప్రమాదముంది.

రాయగడ. టచ్‌ప్యాడ్ క్లిక్ కావడం మానేసింది. మూత కూడా సరిగా పడటం లేదు. టచ్‌ప్యాడ్ కొత్తది వేయాలా?

టచ్‌ప్యాడ్ కాదు, దాని కింద బ్యాటరీ ఉబ్బినట్టుంది. ఇవాళే చార్జింగ్ ఆపేయండి. మూతను బలవంతంగా నొక్కకండి. స్క్రూలతో బిగించిన బ్యాటరీ అయితే కనెక్టర్ తీసి, స్క్రూలు విప్పి, వంచకుండా బయటికి తీయండి. జిగురుతో అతికించినదైతే చాకుతో పెకలించే సాహసం వద్దు, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. తీసినదాని కనెక్టర్‌కు టేపు చుట్టి, ఇసుక పోసిన రేకు డబ్బాలో, ఇంటి బయట ఉంచి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చెత్తలో వేయకూడదు, కొరియర్ చేయకూడదు. కొత్తది పాతదాని మీది పార్టు నంబరుతోనే కొనండి. ఆకారం ఒకటే అయినా 7.6 వోల్టులది, 11.4 వోల్టులది వేరువేరు. చార్జ్ పరిమితిని 80 శాతానికి పెట్టే వీలుంటే పెట్టండి. ఎప్పుడూ నిండుగా, వేడిగా ఉండటమే సెల్స్‌లో గ్యాస్ పుట్టిస్తుంది.

జయపురం. 15.6 అంగుళాల తెర పగిలింది. సైజు చెప్పి ఆర్డర్ పెడితే సరిపోతుందా?

సరిపోదు. తెర చుట్టూ ఉన్న ఫ్రేము ఊడదీసి ప్యానెల్ వెనక నంబరు చదవండి. 15.6లోనే 30 పిన్నులవీ, 40 పిన్నులవీ ఉన్నాయి. పక్కన చెవులు (స్క్రూ బిగించే రేకు ముక్కలు) ఉన్నవి, లేనివి కూడా ఉన్నాయి. పిన్నుల సంఖ్య, చెవులు, రిజల్యూషన్, కనెక్టర్ ఎటు పక్కన ఉందన్నది నాలుగూ కలవాలి. మార్చేటప్పుడు బ్యాటరీ కనెక్టర్ తప్పక తీసేయండి. కరెంటు ఉండగా తెర కేబుల్ వంకరగా పడితే బ్యాక్‌లైట్ ఫ్యూజు పోతుంది, కొత్త తెర వేసినా చీకటే.