గాష్‌లో దాక్కున్న దేవుడు

సందేహం: మా మనవడు మాటకు ముందు ‘ఓ మై గాష్’ అంటున్నాడు. ‘గాష్’ అంటే ఏమిటండీ, తిట్టా? మాన్పించాలా? ‘బ్లడీ’ కూడా ఇలాంటిదేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: తిట్టు కాదమ్మా, దేవుడే. ‘గాడ్’ అనబోయి చివర నాలుక తిప్పేశారు. ‘గాలీ’ కూడా అంతే. 1775 నాటికే అది ఇంగ్లండులో బళ్లు తోలేవాళ్ల ఊతపదం. ‘జీ’ జీసస్‌కీ, ‘హెక్’ హెల్‌కీ ముసుగులు. దేవుడి పేరు వ్యర్థంగా ఉచ్చరించరాదని బైబిల్లోని పది ఆజ్ఞల్లో ఒకటి. నోరేమో ఊరుకోదు.

వీటిలో నాకు ముద్దొచ్చేది ‘జూండ్స్’. మనం ‘నీ మీద ఒట్టు’ అన్నట్టే, వాళ్లు సిలువ మీద క్రీస్తుకు తగిలిన గాయాల మీద ఒట్టు పెట్టేవారు: ‘గాడ్స్ వూండ్స్’. అందులో ‘గాడ్’ను మింగేసి, దాని తోక ‘జ్’ను మాత్రం గాయాలకు అతికించారు. తర్వాతివాళ్లు మూలం మరిచి, స్పెల్లింగు చూసి ‘జౌండ్స్’ చేశారు. ‘గాడ్స్ బ్లడ్’ ఇలాగే ‘స్బ్లడ్’ అయింది.

1606లో అక్కడి పార్లమెంటు, నాటకాల్లో దేవుడి పేరు తేలిగ్గా వాడితే 10 పౌండ్ల జరిమానా అంది. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ 1622 నాటి విడి ప్రతి తీయండి: అందులో దుష్టపాత్ర ఇయాగో నోట మొట్టమొదటి మాటే ‘స్బ్లడ్’. ఆయన నాటకాలన్నీ కలిపి వేసిన 1623 సంపుటంలో అది లేదు! ‘జూండ్స్’లూ ఎగిరిపోయాయి. ఆ చట్టం చలవేనని చాలామంది పండితుల మాట.

మనకు ఈ బెడద లేదు. కొడుకును ‘నారాయణా’ అని పిలిచినందుకే అజామిళుడు తరించాడని భాగవతం ఆరో స్కంధం. (దాన్ని తెనిగించింది ఏర్చూరి సింగన. దాన్నీ పోతన ఖాతాలో వేసేవారికి ఈ ముక్క.) అందుకే ‘రామ రామ’, ‘శివ శివ’ అని బాహాటంగా అంటాం. టీవీ యాంకరమ్మలకు మాత్రం ముగ్గు బాగున్నా, గారె మాడినా ‘ఓ మై గాడే’! అబ్బో, అమ్మో, అయ్యయ్యో, ఓర్నాయనో ఏ గంగలో కలిశాయి?

మీ మనవడిని దండించక్కర్లేదు. ‘అబ్బో’ అలవాటు చేసి చూడండి. వింటాడన్న హామీ నేనివ్వలేను.

‘బ్లడీ’ మేరీమాత పేరు విరిగి వచ్చిందంటారు, నాకు నమ్మకం లేదు. మన ‘తస్సాదియ్య’ కూడా ఏదో మోటు మాటకు ముసుగేమోనని అనుమానం. ఆ మోటు మాట ఏమిటని మాత్రం ఉత్తరం రాయకండి.