చేనేత కథతో వీడియో గేమ్, పది లక్షల వాటా: ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: నా వయసు 34, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూకట్‌పల్లిలో ఉంటాం. నా జీతం చేతికి నెలకు 1,15,000 వస్తుంది. మా ఆయన ఏడాదిగా పోటీ పరీక్షలకు చదువుతున్నారు కాబట్టి ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఇంటి లోను వాయిదా 38,000, ఇంటి ఖర్చు 42,000, పాప స్కూలుకు సగటున 8,000, సిప్‌లు 15,000. బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీ ఉంది. మా పిన్ని కొడుకు ముగ్గురు స్నేహితులతో కలిసి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి వీడియో గేమ్ చేస్తున్నాడు. పోచంపల్లి నేత కుటుంబం అప్పుల్లోంచి బయటపడటం ఆ గేమ్ కథ. 10 లక్షలు పెడితే 20 శాతం వాటా ఇస్తానంటున్నాడు. మిగతా డబ్బు కిక్‌స్టార్టర్ అనే సైట్‌లో జనం దగ్గర్నుంచి వస్తుందట, ఏఐ వల్ల ఖర్చు సగానికి తగ్గిందట. ఎఫ్‌డీ తీయనా, పర్సనల్ లోను తీసుకోనా? గేమింగ్‌ని ప్రభుత్వం నిషేధించింది కదా అని మా ఆయన అంటున్నారు.

జవాబు: మీవారి అనుమానం ముందు తీర్చేద్దాం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది డబ్బు కాసి డబ్బు గెలుచుకునే ఆటలను. రమ్మీ లాంటి ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అంతకుముందే ఆపేశాయి. ఒకసారి కొనుక్కుని ఆడుకునే కథల గేమ్ ఆ కోవలోకి రాదు. కాబట్టి భయపడాల్సింది చట్టం గురించి కాదు, అమ్మకాల గురించి.

మీ తమ్ముడు బడ్జెట్ ఇవ్వలేదు కాబట్టి ఒకటి వేసి చూద్దాం. నలుగురు మనుషులు, ఒక్కొక్కరికి నెలకు 45,000, 18 నెలలు అనుకుంటే 32.4 లక్షలు. సంగీతం, టెస్టింగ్, అనువాదాలు, పరికరాలకు ఇంకో 3.6 లక్షలు. మొత్తం 36 లక్షలు. గేమ్‌ని కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 9.99 డాలర్లకు పెడతారనుకోండి. మన దేశంలాంటి చోట్ల ధర తక్కువ ఉంటుంది, ఎక్కువ కాపీలు డిస్కౌంట్లలోనే అమ్ముడవుతాయి. అందుకే సగటున కాపీకి 400 రూపాయలు పడితే బాగానే పడినట్టు. అందులో స్టీమ్ 30 శాతం తీసుకుంటుంది. అమెరికాలో జరిగిన అమ్మకాల మీద అక్కడి పన్ను 15 శాతం కోస్తారు. పన్ను ఫారంలో పాన్ నంబరు ఇచ్చి రెండు దేశాల ఒప్పందాన్ని క్లెయిమ్ చేయకపోతే అదే 30 శాతం అవుతుంది. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే నష్టపోతారు. అన్నీ పోగా కంపెనీకి కాపీకి 265 రూపాయలు మిగులుతాయనుకుందాం. ఖర్చు తిరిగి రావాలంటేనే దాదాపు 13,600 కాపీలు అమ్మాలి.

ఇది కంపెనీ గట్టెక్కే లెక్క. మీరు గట్టెక్కే లెక్క వేరు. 20 శాతం వాటాకి 10 లక్షలు రావాలంటే కంపెనీ 50 లక్షలు డివిడెండ్‌గా పంచాలి. కంపెనీ పన్ను సుమారు 25.17 శాతం, కాబట్టి పన్నుకు ముందు 66.8 లక్షల లాభం కావాలి. దానికి ఖర్చు 36 లక్షలు కలిపితే 1.03 కోట్లు, అంటే దాదాపు 38,800 కాపీలు. అప్పటికి మీ అసలు మాత్రమే వచ్చినట్టు, అదీ మీ శ్లాబు ప్రకారం పన్ను కట్టక ముందు. వచ్చిన లాభమంతా పంచేసి రెండో గేమ్‌కి ఏమీ మిగుల్చుకోని స్టూడియో ఉండదు. గేమ్‌ని మార్కెట్లోకి తెచ్చే పబ్లిషర్ వస్తే అతని వాటా కూడా ఇందులోంచే పోతుంది.

సామాజిక ఇతివృత్తం ఉన్న గేములకు ఇంకో చిక్కుంది. క్యాన్సర్ సోకిన పసివాడి గురించి చేసిన 'దట్ డ్రాగన్, క్యాన్సర్' కిక్‌స్టార్టర్‌లో లక్ష డాలర్లకు పైగా సేకరించింది. 2016 జనవరిలో విడుదలైంది, బాగా పేరొచ్చింది. అయినా అమ్మకాల నుంచి తమ చేతికి ఒక్క డాలరు కూడా రాలేదని రెండు నెలలకే తయారీదారులు చెప్పారు. వచ్చినది అప్పులకు పోయింది. కథంతా యూట్యూబ్ వీడియోల్లో చూసేసిన వాళ్లకు కొనాల్సిన పని లేకపోయింది. మీ తమ్ముడి గేమ్ కూడా కథ మీదే నడిచేది, కాబట్టి ఆట ఎంతసేపని ముందు అడగండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వాపసు అడగొచ్చు. గంటన్నరలో అయిపోయే గేమ్‌ని పూర్తి చేసి వాపసు తీసుకునేవాళ్లు ఉంటారు. మగ్గం మీద రంగులు కలపడం, చిటికీ కట్టడం (రంగు అంటకుండా నూలుకు ముడులు వేయడం) ఆటలో భాగమై, ఆడిన ప్రతిసారీ ఫలితం మారితే వీడియో చూసినవాళ్లకు కూడా కొనాలనిపిస్తుంది.

కిక్‌స్టార్టర్ మీద ఆశ పెట్టుకోకండి. భారత్ నుంచి సొంతంగా అక్కడ ప్రచారం పెట్టే వీలు లేదు. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న బంధువు పేరు మీద పెడితే ఆ డబ్బు ముందు వాళ్ల ఖాతాలోకి, వాళ్ల పన్ను లెక్కల్లోకి వెళ్తుంది. లక్ష్యం చేరకపోతే ఒక్క రూపాయి రాదు. పుణె స్టూడియో చేసిన 'రాజీ' 2017లో అక్కడ లక్ష్యం చేరలేక ఆగింది, ఎన్నో తంటాలు పడి 2020లో విడుదలైంది. చేరినా ఇబ్బందులు తప్పవు. 2012లో అమెరికా గేమ్ స్టూడియో డబుల్ ఫైన్ 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలకు పైగా వచ్చాయి. అయినా డబ్బు చాలక గేమ్‌ని రెండు ముక్కలుగా 2014లో ఒకటి, 2015లో ఒకటి ఇవ్వాల్సొచ్చింది. అక్కడ డబ్బిచ్చినవాళ్లకు వాటా ఉండదని కూడా గుర్తుంచుకోండి. వీఆర్ హెడ్‌సెట్లు చేసే ఆక్యులస్‌కి 2012లో జనం 24 లక్షల డాలర్లు ఇచ్చారు. రెండేళ్లకు ఫేస్‌బుక్ దాన్ని 200 కోట్ల డాలర్లకు కొంటే ఆ సొమ్ములో వాళ్లకు దక్కింది సున్నా. ఇక వాటా ఇస్తామంటూ ఆన్‌లైన్‌లో జనం దగ్గర పోగు చేసే పద్ధతికి మన దేశంలో అనుమతి లేదు. "తలా 50 వేలు పెట్టండి, షేర్లు ఇస్తాం" అని మీ తమ్ముడు వాట్సాప్ గ్రూపుల్లో పంపితే అది కంపెనీల చట్టానికి విరుద్ధం. ఆ మెసేజ్ ఇప్పటికే పంపి ఉంటే తీసేయమనండి.

ఏఐతో ఖర్చు సగమైందన్న మాట నేను ఒప్పుకోను. బొమ్మల ఖర్చు కొంత తగ్గొచ్చు. బగ్గులు వెతకడం, ఆట సమతూకం సరిచేయడం, నాలుగు రకాల కంప్యూటర్లలో పరీక్షించడం తగ్గవు, పైగా సమయమంతా తినేది అవే. 2024 జనవరి నుంచి ఏఐతో చేసిన అంశాలను స్టీమ్ పేజీలో చెప్పి తీరాలి. నేతన్నల కష్టం చెప్పే గేమ్‌లో ఇక్కత్ డిజైన్లు ఏఐ గీసిందని తెలిస్తే కొనేవాళ్లే మొదట తప్పు పడతారు. ఒకరిద్దరు నేత కార్మికులకు డిజైన్లకూ సలహాకూ డబ్బిచ్చి రాతపూర్వకంగా తీసుకోవడం బడ్జెట్‌లో ఒక పద్దుగా ఉందేమో చూడండి.

ఇప్పుడు మీ డబ్బు. వాయిదా, ఇంటి ఖర్చు, స్కూలు కలిపి నెలకు 88,000. ఒక్క సంపాదన మీద నడిచే ఇంటికి, అదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో, ఆరు నెలల నిల్వ చాలదు. తొమ్మిది నెలలకు 7.92 లక్షలు కావాలి. అంటే ఎఫ్‌డీలో ముట్టుకోగలిగింది లక్ష మాత్రమే. నెలకు మిగిలే 12,000తో ఏడాదిలో ఇంకో 1.44 లక్షలు. కాబట్టి మీ గరిష్ఠ పరిమితి 2.4 లక్షలు. కంపెనీ విలువ 50 లక్షలన్న అతని లెక్కనే ఒప్పుకున్నా, దానికి దాదాపు 5 శాతం వాటా. టర్మ్ పాలసీ లేకపోతే మాత్రం దానికన్నా ముందు కోటిన్నరకు అది తీసుకోండి. పర్సనల్ లోను ఊసే వద్దు. 13 శాతం వడ్డీతో 10 లక్షలకు ఐదేళ్ల వాయిదా 22,750 పైచిలుకు, మీ దగ్గర మిగిలేది 12,000. పీఎఫ్, ఇంటి లోను మీద టాప్‌అప్, బంగారం లోను, ఏదైనా ఇదే కథ.

ఇచ్చే తీరులో ఒక తిరకాసుంది. పిన్ని కొడుకు మనకు తమ్ముడే గానీ, చట్టం లెక్కలో బంధువు కాడు. కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టరు, అతని తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్య, పిల్లలు కంపెనీకి అప్పు ఇవ్వొచ్చు. మీరిస్తే అది అనుమతి లేని డిపాజిట్ అవుతుంది. ఆదాయపన్ను చట్టంలోనూ అంతే. అతనికి బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన కానుకలన్నీ కలిపి 50,000 దాటితే మొత్తం సొమ్ము అతని ఆదాయంలో కలుస్తుంది. పిన్ని ఖాతాకి వేస్తే సరిపోతుందనుకోకండి, అక్క కూతురు కూడా ఆ జాబితాలో లేదు.

అందుకే ఇస్తే షేర్ల రూపంలోనే ఇవ్వండి. షేరు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక, షేర్లు ఇస్తామంటూ కంపెనీ మీ పేరున రాసే పాస్-4 ఆఫర్ లెటర్, విడిగా తెరిచిన బ్యాంకు ఖాతా ఉండాలి. నగదు వద్దు, మీ ఖాతా నుంచే బదిలీ చేయండి. 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లో ఆ వివరాలతో పాస్-3 ఫారం కంపెనీల రిజిస్ట్రార్‌కి దాఖలు చేయాలి. అప్పటిదాకా ఆ డబ్బు వాడకూడదు. రెండు విడతలుగా ఇస్తే ఈ తతంగం రెండుసార్లు చేయాలి, అయినా రెండు విడతలే మేలు. మొదటి లక్ష ఇప్పుడు. మిగతా 1.4 లక్షలు 20 నిమిషాలు ఆడుకోగల డెమో, స్టీమ్ పేజీ, 3,000 విష్‌లిస్టులు (కొనాలనుకుని గేమ్‌ని గుర్తుపెట్టుకున్నవాళ్ల లెక్క) చూపించాకే. డెమోని స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో, అంటే రాబోయే గేముల డెమోల పండగలో పెడతానంటే తొందరపడొద్దని చెప్పండి. ఒక గేమ్‌కి అందులో ఒక్కసారే అవకాశం. విడుదలకు ముందు 7,000 విష్‌లిస్టులైనా ఉండాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క.

మొదటి విడతకు ముందే రెండు కాగితాలు చూడండి. స్టీమ్ ఖాతా కంపెనీ పేరున ఉందా, మీ తమ్ముడి సొంత పేరున ఉందా? సొంత పేరున ఉంటే అమ్మకాల డబ్బు అతనికే వెళ్తుంది, మీకున్న షేర్లకు అర్థం ఉండదు. రెండోది, బొమ్మలు గీసినవాళ్లు, సంగీతం చేసినవాళ్లు హక్కులు కంపెనీకి రాసిచ్చారా? ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని లెక్కిస్తుంది. ప్రపంచమంతా అమ్మే గేమ్‌కి ఇది పెద్ద గొయ్యి. "ప్రపంచవ్యాప్తంగా, కాపీరైట్ ఉన్నంతకాలం" అన్న మాటలు ఉండాల్సిందే.

ఇంత చిన్న మొత్తానికి వాల్యుయర్, కంపెనీ సెక్రటరీ ఖర్చు ఎందుకని మీ తమ్ముడు అనొచ్చు, అందులో న్యాయం లేకపోలేదు. అలాగైతే వాటా మాట వదిలేసి 45,000 అతనికి కానుకగా ఇవ్వండి. ఈ ఏడాది బంధువులు కానివాళ్లు ఇంకెవరైనా ఇచ్చారేమో మాత్రం ముందే అడగండి.