మహమ్మారి వేళ నిరూపణ కాని మందు వాడవచ్చా?

2021 వేసవిలో విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల చుట్టూ కోవిడ్ రోగుల బంధువులు వైరస్‌పై వాడే రెమ్డెసివిర్ ఇంజెక్షన్ కోసం తిరిగినప్పుడు, ప్రాణం పోతుంటే మందుపై జరిగే పరీక్షల ఫలితాల కోసం ఆగడమేమిటన్న ప్రశ్న వచ్చింది. మీరు అడిగినదీ అదే. ఆ ఆవేదన న్యాయమైనదే గాని, వాదనలో లోపముంది. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ప్రత్యేకమైన మందేదీ లేకుండానే కోలుకున్నారు కనుక, ఏది ఇచ్చినా అదే బతికించినట్లు కనిపిస్తుంది. రోగులను చీటీ తీసినట్లు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికే ఆ మందిచ్చి పోల్చితేనే అసలు సంగతి తేలుతుంది.

అలా పోల్చిన బ్రిటన్‌లోని ‘రికవరీ’ అనే మందుల పరీక్షలో, ఎంతో పేరు మోసిన మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మరణాలను తగ్గించలేదని, చవకైన పాత స్టెరాయిడ్ డెక్సామెథసోన్ మాత్రం వెంటిలేటర్‌పై ఉన్నవారి మరణాలను సుమారు మూడో వంతు తగ్గించిందని 2020 జూన్‌లోనే వెల్లడైంది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనిపించలేదు. జ్వరం రాగానే స్టెరాయిడ్ మింగినవారికి ఫలితంలోని ఈ రెండో సగం చేరనే లేదు. రెమ్డెసివిర్‌ను సాధారణంగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో సూచించినా, మరుసటి ఏడాది బ్లాక్ మార్కెట్ ఆగలేదు.

నిరూపణ కాని మందును పూర్తిగా నిషేధించాలని నేననను. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి వంటి బోధనాసుపత్రిలో, రోగి సమ్మతితో, పరీక్షలో భాగంగా ఇస్తే దాని ఫలితం నమోదవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూపి మందుల షాపులో కొంటే, అది పనిచేసిందో లేదో ఎవరికీ తెలియదు.