తెల్లకణాలు పెరిగినా యాంటీబయాటిక్ ఎందుకివ్వలేదు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. అన్నయ్యకు 41 ఏళ్లు, మందు అలవాటు లేదు. పై కడుపు నొప్పి వీపులోకి పాకడంతో ఆసుపత్రిలో చేర్చాం. క్లోమం వాచిందని, పిత్తాశయంలో రాళ్లున్నాయని అన్నారు. మూడో రోజు జ్వరం ఉంది. తెల్లకణాలు 17,200, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 190. అయినా యాంటీబయాటిక్ ఇవ్వడం లేదు. ఆసుపత్రి మార్చాలా?

జవాబు: ఆ ఒక్క కారణానికైతే మార్చనక్కర్లేదు. తొలి వారంలో క్లోమం వాపు మామూలుగా క్రిముల వల్ల వచ్చేది కాదు. జారిన రాయి నాళానికి అడ్డుపడితే, పేగులో పనిచేయాల్సిన ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైము క్లోమం కణాల్లోనే చురుకై వాటినే దెబ్బతీస్తుంది. పగిలిన కణాల్లోంచి కారిన పదార్థాలు తెల్లకణాలను రప్పిస్తాయి. కొన్ని గంటల్లోనే వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం చేరతాయి, వెనకే మోనోసైట్లు అనే మరో రకం వచ్చి మ్యాక్రోఫేజ్‌లుగా మారతాయి. చచ్చిన కణాలను ఊడ్చేయడం వీటి పని. చిక్కేమిటంటే, న్యూట్రోఫిల్స్ వదిలే ఎంజైములు, డీఎన్‌ఏ పోగులు సన్న రక్తనాళాలను పూడ్చి, బాగున్న భాగాన్నీ పాడుచేస్తాయి. మ్యాక్రోఫేజ్‌ల నుంచి వచ్చే టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 అనే వాపు పెంచే రసాయనాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతాయి. ఐఎల్-6 ప్రభావంతోనే లివర్ సీఆర్‌పీని తయారుచేస్తుంది. మీరు రాసిన జ్వరం, అంకెలు ఈ గొడవతోనే రావచ్చు. చంపాల్సిన క్రిమి లేనప్పుడు యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు. కామెర్లు, వణుకుతో జ్వరం ఉంటే మాత్రం పిత్తనాళంలో ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. అప్పుడు యాంటీబయాటిక్ వెంటనే పెట్టి, 24 గంటల్లోపు ఈఆర్‌సీపీ (నోటి గుండా గొట్టం పంపి పిత్తనాళంలో అడ్డు తీయడం) చేయించాలి.

సీఆర్‌పీ లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటింది కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. లైపేజ్ (రక్తంలో కొలిచే క్లోమం ఎంజైము) ఎన్ని రెట్లు పెరిగిందన్నది తీవ్రతకు కొలత కాదు; రోజూ చూడాల్సింది మూత్రం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), ఆక్సిజన్. వీటిలో తేడా 48 గంటలు దాటినా తగ్గకపోతే ఐసీయూ ఉన్నచోటికి, అవసరమైతే విశాఖకు, మార్చాలి.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. పాత క్రియాటినిన్ రిపోర్టు ఏదైనా ఉంటే ఇప్పుడే డాక్టరుకు చూపించండి. సెలైన్ తక్కువైతే కిడ్నీకి ముప్పు, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు. మొదట్లో రింగర్ లాక్టేట్ అనే సెలైన్‌ను గంటకు కిలోకు 1.5 మి.లీ. చొప్పున, అంటే 60 కిలోల మనిషికి 90 మి.లీ., ఎక్కించి, మూత్రాన్ని బట్టి సర్దుతారు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క మారుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్ అడగొద్దు, అది కిడ్నీకి చేటు.

రెండో వారం తర్వాత కథ తిరగబడవచ్చు. మోనోసైట్ల పోరాట శక్తి పడిపోతుంది, పేగులోని బ్యాక్టీరియా కుళ్లిన క్లోమంలో చేరే సమయం అదే. తగ్గిన జ్వరం మళ్లీ వస్తే సీటీ తీసి, యాంటీబయాటిక్ మొదలుపెడతారు.

వాంతులు ఆగి ఆకలేస్తే ఇడ్లీ, మెత్తటి అన్నం పెట్టొచ్చు, నూనె లేకుండా. వాపు తేలికదైతే డిశ్చార్జికి ముందే పిత్తాశయం తీయించండి. క్లోమం చుట్టూ నీరు చేరితే అది ఇంకే దాకా, సుమారు 6 వారాలు, ఆగాలి.